పత్తి గదిలో ప్రొజెక్టర్

అసూయ గురించి పెద్దవాళ్ళెవరూ పిల్లలకి సరిగ్గా చెప్పరు. ఉద్యోగంలో చేరేటప్పుడు టైముకి వెళ్ళమంటారు, పైవాళ్ళకి ఎదురు చెప్పొద్దంటారు, డబ్బుల దగ్గర జాగ్రత్తంటారు. పక్కన నిలబడి పనిచేసేవాణ్ణి చూసి కడుపు మండితే ఆ పూట క్యారేజీలో అన్నం ఎలా మింగాలో మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. మీరు ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లోకి వస్తున్నారు కాబట్టి, నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులోంచి ఏం తీసుకోవాలో మీరే చూసుకోండి. నేనైతే ఇప్పటికీ తేల్చుకోలేదు.

గుంటూరులో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూములో చాలా ఏళ్ళు పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. మా నాన్నగారు దర్శి దగ్గర ఒక మిషన్ బడిలో లెక్కల మాస్టారు. సూత్రం తెలిస్తే చాలు, లెక్క దానంతటదే వస్తుందనేవారు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుకుని, మొదట రిపేరు విభాగంలో టీవీల వెనకాల కూర్చున్నాను. తర్వాత టీవీల ముందుకొచ్చి అమ్మకాల్లో నిలబడ్డాను. చివరికి మేడమీద హోమ్ థియేటర్ విభాగానికి వచ్చాను. పెద్ద స్పీకర్లు, తెరలు, ప్రొజెక్టర్లు అన్నీ అక్కడే. ఏ గదికి ఏ ప్రొజెక్టర్ సరిపోతుందో గది కొలతలు వినగానే చెప్పగలిగేదాన్ని. ఆ విభాగానికి ఇన్‌ఛార్జిగా ఉన్నాయన విజయవాడ వెళ్ళిపోతున్నాడని తెలిసినప్పుడు, ఆ కుర్చీ ఇక నాదేననుకున్నాను. షాపులో అందరూ అలాగే అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఓనరుగారు ఒక మనిషిని పైకి తీసుకొచ్చారు. "ఇతను చీరల కొట్లో పెద్ద సేల్స్‌మన్ అమ్మా. ఇకనుంచి మీతోపాటు ఇక్కడ చేస్తాడు. ఇన్‌ఛార్జి సంగతి ఈ సీజన్ చూసి చెబుతా" అన్నారు.

నాకంటే బాగా చిన్నవాడు. నవ్వు మొహం. రాగానే "నమస్తే అక్కా" అన్నాడు. "ఇక్కడ మేడమ్ అంటారు" అన్నాను. అప్పట్నుంచి లోకంలో ఆడవాళ్ళందరినీ అక్కా అనీ పిన్నిగారూ అనీ పిలిచాడు గానీ, నన్ను ఒక్కదాన్నే మేడమ్ అన్నాడు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేనడిగిందే కదా.

ప్రొజెక్టర్ గురించి అతనికి ఓనమాలు రావు. తెరమీద బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసు, అంతే. కానీ చీరల కొట్లో అలవాటు ప్రకారం, వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టేవాడు. మజ్జిగో మంచినీళ్ళో ఇప్పించేవాడు. "ఎవరి కోసమండీ?" అని అడిగేవాడు.

మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. చీరైతే పెళ్ళికూతురికా, అత్తగారికా అని అడగాలి. ప్రొజెక్టర్ ఎవరి కోసమేమిటి? నేను అడిగే మొదటి ప్రశ్న, "గది ఎంత పొడవండీ?" దానికి వాళ్ళు ఒక అంకె చెప్పి ఊరుకునేవాళ్ళు. అతని ప్రశ్నకి మాత్రం కూర్చుని కథలు చెప్పేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులతో హాలుకి వెళ్ళలేని తల్లి గురించి, ఇంటిపట్టున ఉండని కొడుకు గురించి, అల్లుడి గొప్పల గురించి. వెళ్ళేటప్పుడు అతని భుజం తట్టి వెళ్ళేవాళ్ళు. నాకు దణ్ణం పెట్టేవాళ్ళు. దణ్ణానికీ భుజం తట్టడానికీ మధ్య తేడా ఏమిటో అక్కడ నిలబడి నేర్చుకున్నాను.

ఆ ఏడు మిరపకి మంచి రేటొచ్చింది. రేటొచ్చిన ఏడాది మా షోరూములో మెట్లు ఖాళీగా ఉండవు. అలా ఒక రోజు దర్శి వైపు నుంచి ఒక పెద్దరైతూ ఆయన భార్యా వచ్చారు. ఆయన మెట్లెక్కుతూనే మాట్లాడుతున్నాడు.

"ఏమ్మా, మీ దగ్గరున్నవాటిల్లో అన్నిటికంటే పెద్ద బొమ్మ పడేది ఏది?"

"గది ఎంత పొడవండీ?" అన్నాను.

"గది సంగతి తర్వాత. మా బామ్మర్ది వినుకొండలో ఒకటి పెట్టాడు. దానికంటే జానెడన్నా పెద్దగా పడాల. అదీ లెక్క."

భార్య వెనకాల నిలబడి, మేము ప్రదర్శనకి పెట్టిన సోఫాల వంక చూస్తోంది. ఆయన ఫోన్లో ఇంటి ఫొటోలు చూపించాడు. కొత్తిల్లు. కింద పెద్ద హాలు, మూడు వైపులా నిలువెత్తు అద్దాల కిటికీలు, కాళ్ళు జారే తెల్లటి నేల. పైన ఒక గది మాత్రం కిటికీల్లేకుండా ఉంది. అదేమిటని అడిగితే, పత్తి తీసినాక రేటొచ్చేదాకా పోసుకునే గది అన్నాడు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. పిల్లలూ, ఈ ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ప్రొజెక్టర్ వెలుగునే వేస్తుంది. చీకటిని వెయ్యలేదు. తెరమీద మీరు చూసే నలుపు, గదిలో ఉన్న చీకటే. గదిలో చీకటి లేకపోతే ఎంత ఖరీదైన ప్రొజెక్టరైనా తెల్లమొహం వేస్తుంది. హోమ్ థియేటర్ కోసం కొందరు ఉన్న కిటికీలు మూయించుకుంటారు. ఈయనకి దేవుడు కిటికీల్లేని గదే ఇచ్చాడు.

"హాలు వద్దండీ, ఆ పత్తి గదిలో పెట్టండి. ఈ చిన్న మోడల్ చాలు. వినుకొండలో మీవాళ్ళు పెట్టిందేదైనా సరే, మీదే బాగుంటుంది" అన్నాను.

అప్పటిదాకా మాట్లాడని ఆవిడ చటుక్కున ఇటు తిరిగింది. "పత్తి గదిలోనా? ఇంటికొచ్చిన చుట్టాల్ని పత్తి గదిలో కూర్చోబెట్టమంటావా అమ్మా?"

"గది ఏదైతేనేమండీ, బొమ్మ..."

"అక్కర్లా" అంది. ఆ మాటతో ఆవిడ మొహం మూసుకుపోయింది. నేను కాగితం మీద గీతలు గీసి చూపిస్తుంటే మర్యాదకి తలూపింది గానీ, చూడలేదు.

అంతలో ఆ చీరల కొట్టు అతను వచ్చాడు. "అక్కా, ఎండన పడొచ్చారు. ముందు కూర్చోండి. మజ్జిగ తాగండి" అని సోఫాలో కూర్చోబెట్టి, తను ఎదురుగా చిన్న స్టూలు వేసుకున్నాడు. "ఎవరొస్తారక్కా, మీ ఇంటికి సినిమా చూడ్డానికి?"

ఆవిడ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది. తర్వాత చెప్పింది. వినుకొండలో ఉండేది ఆవిడ సొంత అన్న. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు ఉంది. ఇంట్లో ఒక గదిని థియేటర్ చేసి, వెనక్కి వాలే నాలుగు పెద్ద కుర్చీలు వేయించాడు. మొదటి ఆట రోజున చెల్లెల్నీ పిలిచాడు. ఆ నాలుగు కుర్చీల్లోనూ వదినగారి తరఫు వాళ్ళు కూర్చున్నారు. ఈవిడకి వెనక తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. లోపలికి వచ్చేవాళ్ళూ బయటికి వెళ్ళేవాళ్ళూ ఈవిడ కాళ్ళు తొక్కుకుంటూ తిరిగారు.

"నేను పుట్టిన ఇల్లు తమ్ముడూ. నాకు తలుపు కాడ కుర్చీ. మా వదిన ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూస్తే గదా" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

భర్త కిటికీలోంచి రోడ్డు వంక చూస్తున్నాడు. నేను కొలతల టేపు చేత్తో పట్టుకుని చేతికందేంత దూరంలో నిలబడి ఉన్నాను. ఆడదాన్ని. ఆవిడ వయసుదాన్ని. ఆవిడ ఊరికి నాలుగైదు ఊళ్ళ అవతల పుట్టినదాన్ని. నన్ను దాటేసి, ముక్కూమొహం తెలియని మగపిల్లాడికి ఆవిడ మనసులో మాట చెప్పుకుంది. అమ్మకాలు పోవడం నాకు కొత్త కాదు. ఇది అమ్మకం పోవడం కాదు.

"అయితే హాల్లోనే పెడదామక్కా. అందరికీ కనపడేట్టు, ముందు వరసా వెనక వరసా లేకుండా" అన్నాడతను. షాపులో ఉన్న వాటిల్లో ఎక్కువ వెలుగు వేసేదీ, పెద్ద తెరా ఖాయం చేశాడు. రైతు సంబరపడిపోయాడు.

అతన్ని పక్కకి పిలిచాను. "ఆ హాల్లో పగలు ఏమీ కనపడదు."

"సినిమాలు రాత్రిపూట కదా మేడమ్ చూస్తారు?"

"పగలు వచ్చినవాళ్ళకి చూపించాలంటే?"

"చూద్దాం లెండి" అని, మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళి "అక్కా, మీ పెళ్ళి క్యాసెట్ ఉందా? ఇవ్వండి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెస్తా. మొదటిరోజు అదే వేద్దాం" అన్నాడు. అలాంటి మొదటి ఆటలకి నేను వాడే వీడియో ఒకటుంది. అందులో సముద్రం, పక్షులు, రంగులు ఉంటాయి. పెళ్ళి క్యాసెట్ అడగాలని అన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకెళ్ళాను.

బిగించే పని కుర్రాళ్ళు పూర్తి చేశారు. మొదటి ఆట ఒక ఆదివారం సాయంత్రం పెట్టుకున్నారు. పెద్ద పార్టీ కాబట్టి ఇద్దరూ వెళ్ళండి అన్నారు ఓనరుగారు. వ్యానెక్కే ముందు, డెమోకి వాడే చిన్న ప్రొజెక్టర్ కూడా పెట్టించాను. ఆవిడకి నేను చెప్పిన మోడలే అది. ఎందుకని అతను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్నేమో. అసలు కారణం, నేను చెప్పిందే నిజమని ఎవరికైనా చూపించే అవకాశం వస్తే చేతులు ఖాళీగా ఉండకూడదని.

మిరప కోతలు అయిపోయాయి. దారి పొడవునా కల్లాల్లో కాయ ఎర్రగా ఆరుతోంది. డ్రైవరు అద్దాలు ఎక్కించుకున్నాడు. మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రైతు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"మా బామ్మర్ది వాళ్ళు ఇప్పుడే వచ్చేస్తన్నారయ్యా. సాయంత్రం ఒంగోల్లో పెళ్ళికి పోవాలంట. గబగబా పెట్టెయ్యండి."

హాల్లోకి అడుగు పెడితే కళ్ళు చెదిరాయి. మూడు వైపులా ఎండ. నేల అద్దంలా మెరుస్తోంది. రైతు భార్య కుర్చీలన్నీ ఒకే వరసలో వేయించింది. కుర్చీలు, సోఫాలు, మంచం, పీటలు, ఏవి దొరికితే అవి, ఒకదాని పక్కన ఒకటి. మధ్యలో అన్నిటికంటే మెత్తటి కుర్చీకి కొత్త దుప్పటి పరిచి ఉంది. "ఇది మా వదినకి" అంది.

వినుకొండ వాళ్ళు వచ్చారు. అన్నగారు పెద్ద బొజ్జాయన. వదినగారు సన్నగా, ఎత్తుగా, మెడలో నగలతో, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు నిలబడింది. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. అతను ప్రొజెక్టర్ వేశాడు.

తెరమీద ఏదో ఉంది. ఉతికి ఉతికి వెలిసిపోయిన చీరమీద పువ్వుల్లా, ఉందంటే ఉంది, లేదంటే లేదు. పెళ్ళిమంటపమో, ఆవుల దొడ్డో తెలియడం లేదు. సన్నాయి మాత్రం ఇల్లంతా మోగిపోతోంది.

"కర్టెన్లు వెయ్యండ్రా!" అని అరిచాడు రైతు. వేశారు. అవి పల్చటి జాలీ కర్టెన్లు. ఎండ ఇంకా అందంగా లోపలికొచ్చింది.

"బాగుందమ్మా" అన్నాడు అన్నగారు. చిన్నపిల్లలు గీసిన బొమ్మ చూసి అంటామే, అలా.

నాలో ఒక పండగ జరుగుతోంది. అతని మొహం మీద చెమట చూశాను. రిమోట్ మీద ఏవేవో నొక్కుతున్నాడు. అన్నిటికంటే ఎక్కువ వెలుగు మీద పెట్టాడు. ఇంక పెంచడానికి ఏమీ లేదని నాకు తెలుసు, అతనికి తెలియదు. ఇంకాసేపు అలాగే నొక్కనియ్యాలనిపించింది.

అప్పుడు రైతు భార్య కనపడింది. అందరినీ కూర్చోబెట్టి, తను ఆ వరస చివర పీట దగ్గర నిలబడి ఉంది. తెర వంక చూడడం లేదు. వదిన వంక చూస్తోంది. వదిన ఏమంటుందా అని. నిలబడి నిలబడి పీట మీద కూర్చోవడం కూడా మర్చిపోయింది.

"కల్లంలో మిరపకాయల కింద పరిచే పట్టాలున్నాయా మీ దగ్గర?" అన్నాను రైతుతో. "నల్లవైనా నీలివైనా సరే. కిటికీలకి కట్టేద్దాం."

"ఎన్ని కావాల?" అన్నాడు. క్షణంలో మనుషులు పట్టాలు మోసుకొచ్చారు. అతను స్టూలెక్కాడు. ఒక్కో పట్టా అందుకుని, చీర మడత విప్పి భుజానికి వేసినట్టు ఒక్క విసురుతో కిటికీ పైకి విసిరి, కుచ్చిళ్ళు సర్ది కట్టేస్తున్నాడు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఒక వైపు అయిపోయింది. రెండో వైపూ అయిపోయింది. గదిలోకి చీకటి దిగుతోంది, తెరమీద పెళ్ళిమంటపం తేలుతోంది. మూడో వైపు కిటికీ కూడా మూసుకుంది.

ముందు తుమ్మింది అన్నగారు. తర్వాత పిల్లలు. తర్వాత ఎవరు ఎప్పుడు తుమ్మారో లెక్కలేదు. పట్టాలు దులిపి తెమ్మనాలని నాకు తోచలేదు, తెచ్చినవాళ్ళకీ తోచలేదు. సీజనంతా కాయ ఆరిన పట్టాలు. మూసిన గదిలో, ఫ్యాన్ల కింద, ఆ ఘాటంతా లేచింది. దగ్గులు, తుమ్ములు, కళ్ళల్లో నీళ్ళు. ఎవరు ఎవర్ని తోసుకుంటున్నారో తెలియలేదు. అందరం ఒక్క ఉరుకున పెరట్లో వేపచెట్టు కింద పడ్డాం. స్టూలు మీదున్నవాడు అందరికంటే చివర వచ్చాడు, కళ్ళు మిరపకాయల్లాగే చేసుకుని. రైతు దగ్గుతూనే అతన్ని తిడుతున్నాడు, తిడుతూనే నవ్వుతున్నాడు.

అన్నగారు కళ్ళు తుడుచుకుంటూ చెల్లెలి వంక చూసి పెద్దగా నవ్వాడు. "చిన్నప్పుడు నాన్న మిరపకాయ బస్తాలు తొక్కేటప్పుడు ఇట్టాగే ఏడ్చేదానివి గదే!"

"నువ్వు ఏడవలా? పలుపుతాడు పట్టుకుని పారిపోయావు, నాన్న ఊరంతా తిరిగాడు నీకోసం!"

"పలుపుతాడు కాదే, గేదెనే తోలుకుపోయాను!"

ఇద్దరూ నవ్వుతున్నారు. వదినగారు గోడకి ఆనుకుని దగ్గుతోంది. రైతు భార్య బిందెలోంచి నీళ్ళు ముంచి తీసుకెళ్ళి ఇచ్చింది. వదిన తాగి, మిగిలిన నీళ్ళు ఆవిడ మొహం మీదే చల్లింది. పెద్దపెద్ద నగలేసుకున్న మనిషి అలా చిన్నపిల్లలా చేస్తుందని ఎవరూ అనుకోలేదు. మళ్ళీ నవ్వులు.

కాస్త నెమ్మదించాక రైతు భార్య అతని దగ్గరికి వచ్చింది. "తమ్ముడూ, పైన పత్తి గది ఒకటుంది. కిటికీలుండవు. అక్కడ పెడితే కనపడిద్దా?"

తన ఆలోచనలాగే అడిగింది. అతన్ని అడిగింది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను.

అతను నా వంక చూశాడు. "మేడమ్‌ని అడుగుదామక్కా."

"కనపడుతుంది" అన్నాను. వ్యాన్లోంచి చిన్న ప్రొజెక్టర్ తెప్పించాను. పత్తి అమ్మేసిన గది, మూలన నాలుగు ఖాళీ గోతాలు తప్ప ఏమీ లేదు. ఎదురు గోడకి కొత్తగా వేసిన సున్నం. తెర కూడా అక్కర్లేదు. వాళ్ళు గోతాలూ దుప్పట్లూ పరుచుకుని ఎలా వచ్చినవాళ్ళు అలా నేలమీద కూర్చున్నారు. తలుపు మూశాను.

గోడమీద పెళ్ళి మొదలైంది. నలుపు నల్లగా, ఎరుపు ఎర్రగా, పెళ్ళికూతురి చేతి గాజులు లెక్కపెట్టుకునేట్టు ఉంది. సన్నగా ఉన్న అన్నగారు కనపడగానే గది దద్దరిల్లింది. అప్పుడు కొత్తకోడలైన వదిన పళ్ళేలు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి వెళ్తోంది. ఇప్పటి వదిన కాళ్ళు బారజాపుకుని, గోడకి చేరగిలబడి, ఆడపడుచు భుజానికి భుజం ఆనించి చూస్తోంది. ఒంగోలు పెళ్ళికి టైమవుతోందని అన్నగారు అంటే, "ఉండండీ, అప్పగింతలు కానీండి" అంది.

అన్నీ అయ్యాక రైతు భార్య చెప్పేసింది. "నాకు ఇదే చాలు. ఇక్కడే ఉంచండి. కిందది తీసుకుపోండి."

"ఒసేయ్, ఇది మీ అన్నదానికంటే చిన్నది గదే!" అన్నాడు భర్త.

"అయితే ఏమయింది? అందరం ఒకచోట కూర్చున్నాం."

నేను మొదటిరోజు చెప్పిన గది. నేను మొదటిరోజు చెప్పిన మోడల్. నేను కిందికి దిగి వైరు చుట్టుకుంటుంటే, ఆవిడ అతనికి అరిసెల డబ్బా ఇస్తూ, "నువ్వు రాకపోతే ఇయ్యాల మా ఇంట్లో ఈ నవ్వులుండేవి కాదు తమ్ముడూ" అంటోంది. నాకూ ఒక డబ్బా ఇచ్చింది. దణ్ణం పెట్టింది.

తిరుగుదారిలో చిలకలూరిపేట దాటాక అతను అన్నాడు. "మేడమ్, మీరు ఆ రోజే చెప్పారు. నాకు అర్థం కాలేదు. ఈ వెలుగూ చీకటీ లెక్కలన్నీ నాకు నేర్పుతారా?"

నేర్పను అనొచ్చు. అతనికి ఆ లెక్కలు కూడా వస్తే ఇక నేనెందుకని నాకు తెలుసు. కానీ మా నాన్నగారి కూతుర్ని. ఎవరైనా లెక్క చెప్పమంటే లేదనడం మా ఇంట్లో లేదు. మర్నాటి నుంచి షాపు తెరవగానే కూర్చోబెట్టి చెప్పాను. చురుకైనవాడు. వేసవి గడిచేలోపు అన్నీ పట్టేశాడు. నా దగ్గరున్నది అతనికి ఇవ్వడం కుదిరింది. అతని దగ్గరున్నది ఇమ్మని నేను అడిగినా, ఎలా ఇవ్వాలో అతనికి తెలియదు. "మీరు జనంతో ఎలా మాట్లాడతారు?" అని ఒకసారి అడిగాను కూడా. "ఏముంది మేడమ్, మామూలుగానే" అన్నాడు.

పెద్ద ప్రొజెక్టర్ వెనక్కి వచ్చినందుకు ఓనరుగారు చిరాకు పడతారనుకున్నాను. కానీ దర్శి రైతు చుట్టాలూ స్నేహితులూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి అతన్ని అడిగారు. సీజన్ అయ్యాక ఓనరుగారు నన్ను పిలిచి, ఏదో చెప్పబోయి, మా ఇంట్లో వాళ్ళ ఆరోగ్యం అడిగారు. అప్పుడే అర్థమైంది. ఇన్‌ఛార్జి కుర్చీలో అతను కూర్చున్నాడు. రిటైరయ్యేదాకా అతని కిందే పనిచేశాను. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, కోప్పడడానికి వీలుండేది.

మరుసటి ఏడు పత్తి తీతలప్పుడు ఒక మధ్యాహ్నం వినుకొండ వదినగారు ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. ఆ రోజు అతను సెలవు. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఆ తమ్ముడు లేడా?" అంది.

"రేపు వస్తాడండీ. నాతో చెప్పొచ్చు" అన్నాను. గది పొడవు అడగబోయి ఆగాను. ఎందుకో ఆ పూట టేపు చేతిలోకి తీసుకోబుద్ధి కాలేదు. ఆవిణ్ణి సోఫాలో కూర్చోబెట్టి నేనూ పక్కనే కూర్చున్నాను. "ఎండలో వచ్చారు" అన్నాను. అంతకంటే ఏమనాలో తెలియలేదు. ఊరుకున్నాను. ఆవిడా ఊరుకుంది. కాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది.

"మా ఆడపడుచు ఇంట్లోలాగా నేలమీద కూర్చునే గది కావాలండీ నాకు. ఆ నాలుగు కుర్చీలూ తీయించేస్తా."

"ఎందుకండీ? చాలా ఖరీదైన కుర్చీలటగా?"

"ఏమో. నేనెప్పుడూ వాటిల్లో కూర్చోలా" అని నవ్వింది. "మొదటి ఆట రోజున మా ఆడపడుచుకి ఎక్కడ కుర్చీ వేశారో కూడా నాకు తెలీదండీ. తర్వాతెప్పుడో ఎవరో చెబితే తెలిసింది. ఆ చీకట్లో నేనూ ముందు కూర్చున్నాననుకుందంట గానీ, నేను ఆ గదిలోకే రాలేదు. ఇరవై మందికి పకోడీలూ టీలూ. వంటింట్లోకి సినిమా మాటలు మాత్రం వినపడతా ఉన్నాయి. వాళ్ళ పెళ్ళి వీడియోలో చూశారుగా? ఎక్కడన్నా కూర్చున్నానా నేను? ఆ పత్తి గదిలోనే, నలుగురితో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా ఒకటి చూడడం, అదే మొదలు."

ఆవిడ చెయ్యి నా చేతికి దగ్గరగా సోఫా మీద ఉంది. పట్టుకోవాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాను.

"ఈ మాట మీ ఆడపడుచుతో చెప్పారా?" అన్నాను చివరికి.

"ఏమని చెప్పేది? తను బాధపడింది తలుపు కాడ కుర్చీకి. నాకు అదీ లేదని చెబితే, తన బాధకి పోటీ పెట్టినట్టుంటది." లేచి కొంగు సర్దుకుంది. "ఎవరితోనూ అనలేదండీ. మీకే చెప్పా."

నాకే చెప్పింది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట మొదటిసారి విన్నాను.

"అయితే ఏ మోడల్ చూపించమంటారు?" అన్నాను లేస్తూ.

"ఆ తమ్ముడు రేపు వస్తాడన్నారుగా? రేపే వస్తాలెండి. అతన్నడిగి తీసుకుంటా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు వచ్చింది. అతను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఎవరి కోసమని అడిగాడు. ఆవిడ నవ్వి, గది కొలతలు చెప్పింది. అతను కొలతలు కట్టి, నేను నేర్పిన లెక్కలన్నీ సరిగ్గా చేసి, సరైన మోడల్ ఇచ్చాడు. నేనైనా అదే ఇచ్చేదాన్ని. ఆవిడ వెళ్ళేటప్పుడు దూరం నుంచి నా వంక చూసి తలూపింది.

సాయంత్రం దీపాలు ఆర్పే వేళకి అతను నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. అక్కడున్న రిమోట్ తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"నిన్న ఆవిడ మీతో చాలాసేపు మాట్లాడారట కదా మేడమ్. కింద కుర్రాళ్ళు చెప్పారు. ఇవాళ నేనెంత అడిగినా నాకేమీ చెప్పలేదు. ఏం చెప్పారు?"

అతని మొహంలో ఉన్నదాన్ని చూసీ చూడగానే గుర్తుపట్టాను. నాకు బాగా తెలిసిన మొహమే. అద్దంలో చాలాసార్లు చూసుకున్నాను.

"ఏముంది, ప్రొజెక్టర్ గురించే" అని బ్యాగు భుజానికి తగిలించుకుని కిందికి దిగాను.